డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి గారికీ మన గంజాంకూ సంబంధమేమిటి?

ప్రశ్న (బరంపురం ఉపాధ్యాయురాలు):
మా తెలుగు మహిళా బృందం వచ్చే నెల సమావేశంలో ముత్తులక్ష్మీ రెడ్డి గారి గురించి నన్ను మాట్లాడమన్నది. పుదుక్కోటలో పుట్టి మద్రాసులో వైద్యురాలిగా, శాసనమండలి సభ్యురాలిగా పనిచేసిన ఆవిడతో ఒడిశాలో ఉన్న మనకేం పని అని ఒక పెద్దాయన అడిగితే తడుముకున్నాను. ఏమని చెప్పమంటారు?

జవాబు (పర్లాకిమిడి, విశ్రాంత న్యాయవాది):
పని లేకపోవడమేమిటమ్మా! 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోని జిల్లాయే. 1927లో ఆవిడ మద్రాసు శాసనమండలికి ఉపాధ్యక్షురాలై, బాలికలను దేవదాసీలుగా గుళ్లకు అంకితం చేయడాన్ని ఆపాలని తీర్మానం పెట్టేనాటికి మన జిల్లాకూ చట్టాలు చేసేది ఆ మండలే. అసలు చిక్కు ఇనాం భూములది, అంటే గుడిసేవకు ప్రతిఫలంగా ఇచ్చిన మాన్యాలది. గుడిలో సేవ మానితే భూమి పోతుంది గనుక, మానాలనుకున్నవాళ్లు కూడా మానలేకపోయేవారు. నేను వకాలతు చేసే రోజుల్లో ఒక పాత కాగితంలో ‘సేవ జరిగినంతకాలమే అనుభవం’ అన్న షరతును కళ్లారా చదివాను. ఆవిడ చొరవతో వచ్చిన 1929 చట్టసవరణ సేవకూ భూమికీ ఉన్న ఆ ముడిని విప్పింది. అయితే అంకితాన్నే నిషేధించిన 1947 నాటి మద్రాసు చట్టాన్ని మాత్రం మన ఖాతాలో వేయకండి. అప్పటికి మనం మద్రాసు నుంచి విడిపోయి పదకొండేళ్లయింది. మద్రాసులోనే ఉండిపోయిన ఇచ్ఛాపురానికి అది వర్తించింది.

జవాబు (రాయగడ, నర్సు):
అయ్యగారు చెప్పినది సరే గాని, చట్టాల దగ్గరే ఆగిపోతే మనిషి కనిపించదండీ. ఆవిడ తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీ కుటుంబంలో పుట్టినవారు, కనుక అది ఆవిడకు సొంత ఇంటి గాయం. మగపిల్లల కళాశాలలో తెర చాటున కూర్చుని చదివి, 1907లో మద్రాసు వైద్య కళాశాలలో చేరి, 1912లో డాక్టరై బయటికొచ్చారు. తనను సమానంగా చూడాలని, తన ఇష్టాలకు అడ్డు రాకూడదని మాట తీసుకున్నాకే సుందర రెడ్డి గారిని పెళ్లాడారట. నాకు అన్నింటికన్నా నచ్చినది ఇదే. చెల్లెలు క్యాన్సర్‌తో పోయిన దుఃఖాన్ని దశాబ్దాలు మోసి, 1954లో అడయారులో పన్నెండు పడకలతో క్యాన్సర్ ఆసుపత్రి తెరిచారు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ నమస్కారాలు. ఆ పెద్దాయన స్వస్థలం ఇచ్ఛాపురమే. ప్రసంగం అక్కడినుంచే మొదలుపెడతాను.