ఖాళీ రోడ్డు మీద సడన్ బ్రేక్: తప్పు కారుదా, స్టీరింగ్ ముందు కూర్చున్నవాడిదా?

ఫ్రిస్కో_రవి
కంపెనీ పేరు రాయను, ఎవరూ అడగొద్దు. ఆ గొడవ మొదలైతే అసలు విషయం పక్కకు పోతుంది. మా కారులో హైవే మీదా, ఊళ్లోనూ దానంతట అదే నడిచే సాఫ్ట్‌వేర్ ఉంది. మనం రోడ్డు చూస్తూ ఉండాలి, అవసరమైతే స్టీరింగ్ పట్టుకోవాలి. దీనికి నెలనెలా డబ్బు కడుతున్నాను.

మొన్న శనివారం డాలస్ నార్త్ టోల్‌వే మీద వెళ్తున్నాం. మా ముందు ఒక్క బండి లేదు. పైనున్న బ్రిడ్జి నీడ రోడ్డుకి అడ్డంగా పడి ఉంది. ఆ నీడ దగ్గరికి రాగానే కారు గట్టిగా బ్రేక్ వేసింది. గంటకి 70 మైళ్ల మీద పోతున్నది 45కి పడిపోయింది. వెనక పికప్ ట్రక్కు అతను హారన్ మోగిస్తూ పక్క లేన్‌లోకి కొట్టి తప్పించుకున్నాడు. వెనక సీట్లో ఉన్న మా అత్తగారి మోకాలు ముందు సీటుకి కొట్టుకుని వాచిపోయింది.

మిగతావి చిన్నవే గానీ రోజూ ఉండేవి. పక్కన సర్వీస్ రోడ్డు బోర్డు చదివి హైవే మీద స్పీడు తగ్గించేస్తుంది. నాలుగు వైపులా స్టాప్ ఉన్న చోట మన వంతు వచ్చినా కొంచెం కదిలి ఆగుతుంది, మళ్లీ కదిలి ఆగుతుంది. ఎగ్జిట్ దగ్గర పడుతున్నా ఎడమ లేన్‌లోనే ఉండి, చివరి క్షణంలో కుడి వైపుకి దూరాలని చూస్తుంది. సాయంత్రం ఎండ ఎదురుగా కొడితే బీప్‌లు కొట్టి బండి మన చేతిలో పెట్టేస్తుంది.

మా ఆవిడ తీసేయమంటోంది. ఆఫీసు టైములో ఆ ట్రాఫిక్‌లో ఇది లేకుండా నాకు కష్టం. వాడుతున్నవాళ్లు చెప్పండి, ఉంచుకోవాలా, మానేయాలా?

శ్రీని_బే_ఏరియా
రవి గారూ, ఒక్కటే ప్రశ్న. బ్రేక్ పడగానే యాక్సిలరేటర్ నొక్కారా? నొక్కి ఉంటే స్పీడు అంత తగ్గేది కాదు, ట్రక్కు అతనికి అంత టెన్షన్ ఉండేది కాదు. నేను 280, 101 నంబరు హైవేల మీద రోజూ వాడతాను. పాదం ఎప్పుడూ యాక్సిలరేటర్ మీద ఆనించే ఉంచుతాను. అనవసరంగా బ్రేక్ పడుతోందనిపిస్తే చిన్నగా నొక్కుతాను, అంతే. కొన్న రోజు స్క్రీన్ మీద మనం ఒప్పుకున్నదాంట్లో బాధ్యత మనదే అని ఉంటుంది.

నెల్లూరు_టు_న్యూజెర్సీ
అత్తగారికి ఎలా ఉందండీ ఇప్పుడు?

ఫ్రిస్కో_రవి
ఐస్ పెట్టాం, నడుస్తున్నారు. శ్రీని గారూ, నొక్కలేదు. ముందు ఏదో అడ్డం వచ్చిందనే అనుకున్నాను. కారు అంత గట్టిగా బ్రేక్ వేస్తుంటే యాక్సిలరేటర్ నొక్కాలని ఎవరికి తడుతుంది?

టెస్టింగ్_కిరణ్
నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లోనే పనిచేస్తాను, కార్లవి కాదు. రవి గారికి జరిగింది కొత్తది కాదు. 2022 ఫిబ్రవరిలో అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ, 354 ఫిర్యాదులు చూసి, సుమారు 4 లక్షల 16 వేల టెస్లా కార్ల మీద ఇలాంటి కారణం లేని బ్రేకుల గురించే విచారణ మొదలుపెట్టింది. మిగతా కంపెనీల కార్లలోనూ ఆటోమేటిక్ బ్రేక్ మీద ఇవే ఫిర్యాదులున్నాయి. కెమెరా గానీ రాడార్ గానీ చూసినదాన్ని అడ్డం అనుకుంటే బ్రేక్ వేస్తుంది. అది నీడా, బ్రిడ్జా, నిజంగా ఆగి ఉన్న లారీయా అన్నది దానికి ప్రతిసారీ తెలియదు.

శ్రీని గారి పాదం సంగతే నాకు భయంగా ఉంది. యాక్సిలరేటర్ నొక్కితే బండి మీ మాటే వింటుంది, దాని బ్రేక్ పనిచేయదు. 2019లో ఫ్లోరిడాలోని కీ లార్గోలో జరిగింది అదే. ఆటోపైలట్ మీద వెళ్తున్న టెస్లా డ్రైవరు కింద పడ్డ ఫోను కోసం వంగాడు, కాలు యాక్సిలరేటర్ మీదే ఉంది. కారు వెళ్లి పక్కన ఆపి ఉన్న బండిని గుద్దింది. 22 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. అనవసరపు బ్రేక్‌కి మందు యాక్సిలరేటర్ అని కాలికి అలవాటు చేస్తే, అవసరమైన బ్రేక్‌ని కూడా ఆ కాలే ఆపేస్తుంది.

శ్రీని_బే_ఏరియా
ఆ కేసు మీరే తెచ్చారు కాబట్టి మిగతాది కూడా చెప్పండి. 2025 ఆగస్టులో మయామీ జ్యూరీ 67 శాతం తప్పు డ్రైవరుదే అంది. కంపెనీది 33 శాతం. నేను అన్నదీ అదే కదా, పెద్ద వాటా మనిషిదే. నేను ఫోను కోసం వంగమనలేదు. రోడ్డు చూస్తూ, పాదం ఆనించి ఉంచి, ముందు ఏమీ లేదని కళ్లతో చూశాకే నొక్కమంటున్నాను.

టెస్టింగ్_కిరణ్
33 శాతం వాటాకీ, పైన వేసిన శిక్షాత్మక పరిహారానికీ కలిపి కంపెనీ కట్టాల్సింది 24 కోట్ల 30 లక్షల డాలర్లు అని కూడా ఆ తీర్పులోనే ఉంది.

ఓఆర్‌ఆర్_సతీష్
హైదరాబాద్ నుంచి. ఇప్పుడు ఇక్కడి కార్లలో కూడా ఏడాస్ (డ్రైవరుకి సాయపడే బ్రేక్, లేన్ సిస్టాలు) ఇస్తున్నారు. ఔటర్ రింగ్ రోడ్డు మీద పర్వాలేదు. ఊళ్లోకి వచ్చాక ముందు వాళ్లకి గ్యాప్ వదిలితే అందులో ఆటో దూరుతుంది, బండి మళ్లీ బ్రేక్ వేస్తుంది, ఇంకో బైక్ దూరుతుంది. ఎగ్జిట్ దిగగానే ఆపేస్తాను.

సుజాత_హ్యూస్టన్
నేను నర్సుని. రాత్రి ఏడుకి ఎక్కి పొద్దున ఏడుకి దిగుతాను. మెడికల్ సెంటర్ నుంచి శివారు ఊరు కేటీ వరకు ఐ-10 హైవే మీద ఇంటికి రావాలి. బస్సులో రావాలంటే పొద్దెక్కిపోతుంది. రవి గారూ, తీసేయకండి. అది రాకముందు నేను ఏసీ ఫుల్లుగా పెట్టుకుని, పాటలు పెద్దగా పెట్టుకుని, చెంపలు కొట్టుకుంటూ నడిపిన పొద్దులున్నాయి. ఇప్పుడు లేన్ అది పట్టుకుంటుంది, ముందు బండితో దూరం అది చూసుకుంటుంది. నా కళ్లు కిందికి వాలితే అద్దం దగ్గరి కెమెరా చూసి అరుస్తుంది. దానికీ తప్పులున్నాయి. రోడ్డు పని జరిగే చోట కోన్లు పెట్టి లేన్ మళ్లిస్తే పాత గీతల వెంటే పోబోతుంది. అయినా పన్నెండు గంటలు నిలబడి వచ్చిన నాకంటే అదే నయం.

పద్మజ_ప్లేనో
సుజాత గారూ, అలిసిపోయి ఉన్నప్పుడు వాడతాను అంటున్నారు. అలిసిపోయిన మనిషి దాన్ని ఎలా కనిపెట్టుకుని ఉంటుంది? వాళ్లు మనల్ని చేయమన్న పని అదొక్కటే కదా.

శ్రీని_బే_ఏరియా
కెమెరా కళ్లని చూస్తుంది అని ఆవిడ రాశారు. చూడకపోతే సిస్టమే ఆగిపోతుంది. ఇంకేం కావాలి? రవి గారూ, మీ పాదం ఎక్కడుందో ఇంకా చెప్పలేదు.

టెస్టింగ్_కిరణ్
కళ్లు తెరిచి ఉన్నంత మాత్రాన మనసు రోడ్డు మీద ఉన్నట్టు కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళం వాళ్లకి ఈ చిక్కే వచ్చింది. రాడార్ తెర ముందు కూర్చున్నవాళ్లు శత్రు జలాంతర్గాముల జాడలు వదిలేస్తున్నారు. నార్మన్ మాక్‌వర్త్ అనే పరిశోధకుడు దాని మీద ప్రయోగాలు చేసి 1948లో ప్రచురించాడు. గడియారం ముల్లు ఒక్కో అంగ తిరుగుతూ ఎప్పుడో ఒకసారి రెండంగలు దూకుతుంది, అది చూసి చెప్పాలి. మొదటి అరగంట దాటేసరికే జనం వదిలేయడం ఎక్కువైంది. వాళ్లేమీ బద్ధకస్తులు కాదు. ఎప్పుడో ఒకసారి వచ్చే తప్పు కోసం కాపలా కాయడం మనిషి మెదడుకి చేతకాని పని.

సాఫ్ట్‌వేర్ బాగుపడే కొద్దీ ఇది ఇంకా ముదురుతుంది. రోజూ తప్పు చేసే కారుని రోజూ కనిపెట్టుకుని ఉంటాం. ఆర్నెల్లకోసారి తప్పు చేసే కారు ముందు ఎవరు జాగ్రత్తగా కూర్చుంటారు? తీరా తప్పు వచ్చేసరికి ఒకటి రెండు సెకన్లలో మనం అందుకోవాలట. అందుకోలేకపోతే కేసు మన మీద. వాహన ఇంజినీర్ల సంస్థ ఎస్ఏఈ లెక్కలో ఇవన్నీ రెండో స్థాయి, అంటే రోడ్డు కనిపెట్టుకుని ఉండే బాధ్యత మొత్తం డ్రైవరుదే. మూడో స్థాయికి, అంటే కారు నడుపుతున్నప్పుడు మనిషి రోడ్డు చూస్తూ ఉండక్కర్లేని దానికి, మెర్సిడెస్ 2023లో నెవాడాలో, కాలిఫోర్నియాలో అనుమతి తెచ్చుకుంది. గంటకి 40 మైళ్ల లోపు, కొన్ని హైవేల మీద మాత్రమే. కానీ అది నడుపుతున్నంతసేపు బాధ్యత తమదని ఆ కంపెనీ చెప్పింది. నన్నడిగితే సాఫ్ట్‌వేర్ మంచిదా కాదా అని తేల్చే పరీక్ష అదొక్కటే.

శ్రీని_బే_ఏరియా
40 మైళ్ల లోపు నడిచేది రవి గారి టోల్‌వే మీద ఎందుకు పనికొస్తుంది? మీరు ఆఫీసులో కూర్చుని 1948 సంగతులు రాస్తున్నారు. నేను ట్రాఫిక్‌లో ఉండి రాస్తున్నాను.

పద్మజ_ప్లేనో
ట్రాఫిక్‌లో ఉండి రాస్తున్నారా? ఇప్పుడు, ఈ పోస్టు?

శ్రీని_బే_ఏరియా
ఆగి ఉన్న ట్రాఫిక్. నా మాటలకి పెడర్థాలు తీయకండి.

పద్మజ_ప్లేనో
పెడర్థం కాదండీ. ఇప్పటిదాకా ఊరుకున్నాను, చెప్తాను. గత స్కూల్ ఇయర్‌లో మా వీధిలో స్కూల్ బస్సు ఎర్ర లైట్లు వేసి, పక్కనున్న స్టాప్ బోర్డు చాచి ఆగింది. మా చిన్నాడు మెట్లు దిగి రోడ్డు దాటబోతున్నాడు. ఎదురుగా వచ్చిన కారు ఆగలేదు. బస్సు డ్రైవరమ్మ హారన్ కొట్టి వాణ్ని ఆపింది. లేకపోతే నేను ఇవాళ ఇక్కడ ఉండి ఇది రాసేదాన్ని కాదు. ఆ కారు కొంచెం ముందుకెళ్లి ఆగింది. అందులో మనవాడే, తెలుగువాడే. దిగి వచ్చి సారీ చెప్పి, ఆ వెంటనే "కారు ఆగుతుందనుకున్నానండీ" అన్నాడు. మా వాడు నాకు బిడ్డ, మీకు అప్‌డేట్‌లో బాగుపడే తప్పు. స్క్రీన్ మీద ఒప్పుకున్నది మీరు. మేం ఎక్కడ ఒప్పుకున్నాం? సుజాత గారూ, మీ అలసట నాకు అర్థమవుతుంది, కానీ దాని బరువు మా వీధి పిల్లల మీద ఎందుకు పడాలి?

సుజాత_హ్యూస్టన్
పద్మజ గారూ, మీ బాబుకి ఏమీ కాలేదు, దేవుడి దయ. కానీ నేను ఎవరి పిల్లల మీదా బరువు వేయలేదు. రాత్రంతా మీ లాంటి వాళ్ల పిల్లలకి, పెద్దలకి సెలైన్లు పెట్టి వస్తున్నాను. ఆ సాఫ్ట్‌వేర్ తీసేస్తే నేను ఇంట్లో కూర్చుంటాననుకుంటున్నారా? అదే నిద్రమొహంతో, అదే రోడ్డు మీద, ఏ సాయమూ లేకుండా నడుపుతాను. అది మీకు సమ్మతమేనా? డ్యూటీ దిగాక కాసేపు పడుకోవడానికి గది ఇవ్వమని ఎన్నాళ్లుగానో అడుగుతున్నాం. ఇవ్వలేదు.

ఫ్రిస్కో_రవి
అందరూ కొంచెం శాంతించండి. నేను అడిగింది బ్రేక్ గురించి.

శ్రీని_బే_ఏరియా
లేదు రవి గారూ, నేనూ చెప్పాలి. 16వ నంబరు జాతీయ రహదారి మీద, ఒంగోలు దాటాక, మా అన్నయ్య పోయాడు. తెల్లవారుజామున అద్దె కారు డ్రైవరు కన్ను మూతపడింది, లైట్లు లేకుండా ఆపి ఉన్న లారీ కిందికి పోయింది. మన దేశంలో 2022 ఒక్క ఏడాదిలో రోడ్ల మీద 1,68,491 మంది పోయారు. వాటిలో ఏ బండినైనా సాఫ్ట్‌వేర్ నడిపిందా? మనిషి గొప్ప డ్రైవరు అన్నట్టు ఇక్కడ మాట్లాడుతుంటే నాకు కడుపు రగులుతుంది. ఆ రోజు ఆ డ్రైవరు కళ్లు చూసి అరిచే కెమెరా ఒక్కటి ఉంటే మా వదిన జీవితం ఇలా ఉండేది కాదు. నా పాదం ఎక్కడుండాలో నాకు తెలుసు. తప్పులున్నా సరే, ఈ సిస్టం జనం చేతుల్లోకి రావాలి, త్వరగా రావాలి.

నెల్లూరు_టు_న్యూజెర్సీ
శ్రీని అన్నా, తెలియదు. చాలా బాధగా ఉంది.

టెస్టింగ్_కిరణ్
మీ అన్నయ్య సంగతి విని మనసు కలుక్కుమంది. ఆ కెమెరా, లారీ కనబడితే వేసే బ్రేక్, ఈ రెండూ ప్రతి కారులో ఉండాలంటే నేను మీ పక్కనే నిలబడతాను. అవి డ్రైవరు నడుపుతుండగా వెనక నుంచి కాపాడేవి. మనం ఇక్కడ దెబ్బలాడుకుంటున్నది తిరగబడ్డ ఏర్పాటు గురించి, కారు నడుపుతుంటే మనిషి వెనక నుంచి కాపాడడం. అద్దె కారులో నిద్రపోయిన ఆ డ్రైవరుకి ఆ పని అప్పగిస్తే చేసేవాడా?

శ్రీని_బే_ఏరియా
లేన్ తప్పకుండా ఉండేది, లారీ వెనక ఆగేది. నాకు అది చాలు.

పద్మజ_ప్లేనో
శ్రీని గారూ, ఇందాక గట్టిగా రాశాను, మీ అన్నయ్య విషయం నాకు తెలియదు. నా మాట మాత్రం మార్చుకోను. సుజాత గారు ఫ్రీవే మీద వాడుకుంటే నాకు అభ్యంతరం లేదు. ఎగ్జిట్ దిగాక, ఇళ్ల మధ్య, స్కూలు వేళల్లో అది అసలు ఆన్ అవకూడదు. అది డ్రైవరు ఇష్టానికి వదలొద్దు, కంపెనీయే ఆపాలి. జీఎం, ఫోర్డ్ చేతులు వదిలి నడిపే సిస్టాలని ముందే మ్యాప్ చేసిన హైవేల మీదే పనిచేసేలా పెట్టారు. మిగతావాళ్లకి కుదరదా?

సుజాత_హ్యూస్టన్
ఫ్రీవే దిగాక నేను స్టీరింగ్ పట్టుకునే ఉంటాను. మొత్తం ఆపేయమంటే మాత్రం ఒప్పుకోను. నాకు కన్ను మూతపడేది ఇంటి దగ్గరే, వచ్చేశాం అనుకున్నాకే.

ఫ్రిస్కో_రవి
కిరణ్ గారు చెప్పాక ఎన్‌హెచ్‌టీఎస్ఏ సైటులో ఫిర్యాదు నమోదు చేశాను. కారు విన్ నంబరు (ఒక్కో కారుకీ ఉండే గుర్తింపు నంబరు), తేదీ, స్పీడు, ఏం జరిగిందో అడుగుతారు. డాష్‌క్యామ్ వీడియో వెంటనే సేవ్ చేసుకోండి, లేకపోతే దాని మీదే కొత్తది రికార్డ్ అయిపోతుంది. వెనక ఎవరైనా కూర్చున్నప్పుడు ఇక ఆన్ చేయను, ఒక్కణ్నే ఉంటే చేస్తాను.

పద్మజ_ప్లేనో
ఆ పికప్ ట్రక్కు వెనక సీట్లో ఎవరున్నారో చూశారా?

శ్రీని_బే_ఏరియా
దూరం పాటించకుండా వెనకే అంటుకుని రావడం ట్రక్కు వాడి తప్పు. టెక్సాస్ చట్టం కూడా అదే అంటుంది. రవి గారూ, మీకూ వాడికీ మధ్య ఎన్ని కార్ల దూరం ఉందో ఆ వీడియోలో చూసి చెప్పండి.