రచ్చకెక్కడం అంటే పరువు పోవడమేనా? అసలు అర్థం చెప్పండి

గోదారమ్మాయి:
మా పిన్ని కూతుర్ని అత్తింట్లో కొడుతున్నారు. బయటికి చెప్తానంటే మా పెద్దవాళ్లందరిదీ ఒకటే మాట, "సంసారాన్ని రచ్చకెక్కించకు". ఆ మాట వింటుంటే ఒళ్లు మండిపోతోంది. మా తమ్ముడేమో పెళ్లి బరాత్ వీడియో పెట్టి "రచ్చ రచ్చ చేశాం" అని రాసుకుంటాడు, అక్కడ అది గొప్ప, ఇక్కడ అవమానం. నగుబాటు, అభాసుపాలు, ఇవీ అదే అర్థమా? ఆదివారం పెద్దలు కూర్చుంటున్నారు, ఆ మాటకి అక్కడే జవాబు చెప్పాలి నేను.

తెలుగు మాస్టారు:
రచ్చ అంటే చోటమ్మా, అవమానం కాదు. సంస్కృతంలో రథ్య అంటే వీధి, ప్రాకృతం మీదుగా అది మనకు రచ్చ అయింది. ఊరి నడుమ రావిచెట్టు, దాని చుట్టూ అరుగు, పొద్దుగూకితే నలుగురూ చేరేది అక్కడే, తగవులు తీర్చేదీ అక్కడే, అందుకే అది రచ్చబండ. "ఇంట గెలిచి రచ్చ గెలవాలి" అన్న సామెతలో చూడండి, రచ్చ గెలవాల్సిన చోటు. 2009లో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం జనం గోడు వినడానికి తలపెట్టిన కార్యక్రమం పేరు కూడా రచ్చబండే కదా. జనం చేరిన చోట కేకలు తప్పవు కాబట్టి గోల అనే అర్థమూ వచ్చింది, మీ తమ్ముడిది అది.

నగుబాటు వేరు. నగు అంటే నవ్వు. పెళ్లిలో రెండో బంతికే పప్పు అయిపోతే ఆడపెళ్లివారికి నగుబాటు, తప్పు వంటవాడిదే అయినా సరే. అభాసుపాలు కావాలంటే ముందు ఆర్భాటం ఉండాలి, గొప్పగా సభ పెట్టి ఖాళీ కుర్చీలకి ప్రసంగం చెప్పాడనుకోండి, అదీ అభాసు. కొట్టించుకున్న పిల్లకి ఈ మాటలేవీ అంటవు.

ఓరుగల్లు:
మా దిక్కు ఇజ్జత్, బద్నాం అంటాం. ఇజ్జత్ మన చేతులారా కూడా పోగొట్టుకోవచ్చు, బద్నాం మాత్రం ఇంకొకరు చేసేది. "ఉత్త పుణ్యానికి నన్ను బద్నాం చేస్తున్నరు" అని అందుకే అంటరు. మీ పెద్దల మాటలో తిరకాసు ఎక్కడుందంటే, "రచ్చకెక్కించకు" అని కొట్టినోనికి ఎవరూ చెప్పరు, దెబ్బలు తిన్న పిల్లకే చెప్తరు. ఆదివారం ఇదొక్కటి అడగండి, మొదలు రచ్చ చేసింది ఎవరని.

పల్నాటి పెద్దాయన:
పెద్దల భయాన్ని అంత తేలిగ్గా తీసెయ్యకండి. విషయం బయటపడితే ఊళ్లో ఆడపిల్ల గురించే గుసగుసలు, చెల్లెలికి సంబంధాలు కూడా వెనక్కి పోతాయి. చూసినవాణ్ణి.

గోదారమ్మాయి:
బాబాయ్ గారూ, ద్రౌపదిని నిండు సభలోకి ఈడ్చుకొచ్చారు, ఆవిడ తలొంచుకుని నిలబడిందా? ధర్మరాజు ముందు తనను ఓడాడా, నన్ను ఓడాడా అని ఆ సభనే అడిగింది. జవాబు చెప్పలేక తలలు దించుకున్నది పెద్దలు. గుసగుసలకి భయపడి పిల్లని మళ్లీ అక్కడికే పంపమంటారా?

కోర్టు పక్షి:
ఆదివారం కూర్చోండి కానీ, ఆ అమ్మాయి చేత చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టించనివ్వకండి. దెబ్బల ఫొటోలు, ఆస్పత్రి చీటీలు దగ్గర పెట్టుకోండి. 2005 గృహహింస చట్టం కింద మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టొచ్చు, ఆ చట్టం కింద ప్రభుత్వం పెట్టిన రక్షణ అధికారి సాయం చేస్తారు, మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే దారి చెప్తారు. పరువు భయం ఉన్నవాళ్లకి 16వ సెక్షన్ చదివి వినిపించండి, ఇద్దరిలో ఎవరు కోరినా, మేజిస్ట్రేటుకు సబబనిపిస్తే, బయటివాళ్లు లేకుండా మూసిన గదిలో విచారణ జరపొచ్చు. రచ్చబండ మీద పదిమంది ముందు కంటే అక్కడే గుట్టుగా ఉంటుంది.

గోదారమ్మాయి:
చాలా థాంక్స్ అండీ. తను ఇప్పుడు పుట్టింట్లోనే ఉంది, అత్తగారిది వేరే జిల్లా. కేసు అక్కడికి వెళ్లి వేయాలా?

కోర్టు పక్షి:
అక్కర్లేదు. 27వ సెక్షన్ ప్రకారం తాత్కాలికంగా ఉంటున్న చోట కూడా వేయొచ్చు. పుట్టింటి ఊరు ఏ కోర్టు పరిధిలోకి వస్తుందో కనుక్కుని, సోమవారమే రక్షణ అధికారిని కలవండి.