నెట్‌వర్క్ బూట్ సర్వర్ మాటిమాటికీ ఆగిపోతోంది, దారి చెప్పండి

కొత్త_అడ్మిన్:
పొద్దుటి నుంచి దీనితోనే కుస్తీ. ల్యాబ్‌లోని మెషీన్లన్నీ నెట్‌వర్క్ నుంచే బూట్ అవుతాయి. కాసేపు అంతా బాగుంటుంది, ఉన్నట్టుండి సర్వర్‌లో బూట్ ఫైళ్లు పంపే ప్రాసెస్ మాయం! మెషీన్లకు ఐపీ చిరునామా వస్తుంది, ఫైలే రాదు, టైమౌట్. మళ్లీ స్టార్ట్ చేస్తే షరా మామూలే. కేబుళ్లు మార్చాను, స్విచ్ మార్చాను, సర్వర్‌కు మెమరీ కూడా పెంచాను. ఇంకేం చేయాలి?

పోర్ట్_69:
ఏ సాఫ్ట్‌వేర్? ఏ వెర్షన్? లాగ్‌లో చివరి వరుస ఏమిటి?

నిప్పుగోడ:
ఈ రోజుల్లో టీఎఫ్‌టీపీ (నెట్‌వర్క్ బూట్‌లో ఫైళ్లు పంపే పాత పద్ధతి) వాడటమే తప్పు. దాని నియమాలు రాసిన పత్రం, 1981 నాటి ఆర్‌ఎఫ్‌సీ 783 చదవండి. పాస్‌వర్డ్ లేదు, ఎన్‌క్రిప్షన్ లేదు, అడిగినవాడెవడైనా ఫైలు చేతిలో పెట్టేయడమే. పైగా 512 బైట్ల చొప్పున పంపుతూ, ముక్కముక్కకూ రసీదు కోసం కాచుకుని కూర్చుంటుంది. మెషీన్‌ను బూట్ చేసే ఫర్మ్‌వేర్ ప్రమాణం యూఈఎఫ్ఐ 2.5తో 2015లోనే హెచ్‌టీటీపీ బూట్ (వెబ్ పద్ధతిలో బూట్ ఫైలు తెచ్చుకోవడం) వచ్చింది. దానికి మారండి.

కొత్త_అడ్మిన్:
మా మెషీన్లు అంతకంటే పాతవండీ.
సర్వర్‌లో ఉన్నది ఏటీఎఫ్‌టీపీడీ అనే టీఎఫ్‌టీపీ సాఫ్ట్‌వేర్, డెబియన్ లినక్స్‌తో వచ్చినది. పనిచేస్తున్నదాన్ని కదపడం ఎందుకని అప్‌డేట్ జోలికి పోలేదు. లాగ్ చివర అసర్షన్ ఫెయిల్డ్ అని ఉంది. అది మామూలే కదా అని ముందు రాయలేదు.

పోర్ట్_69:
మామూలు కాదు. భద్రతా లోపాల జాబితాలో సీవీఈ-2020-6097 చూడండి, చాలావరకు అదే. సేవా నిరాకరణ దాడికి (సర్వర్‌ను పనిచేయకుండా చేయడానికి) దారిచ్చే లోపం. మల్టీకాస్ట్ (ఒకే ఫైలును ఒకేసారి చాలామందికి పంపడం) ఆప్షన్ పెట్టిన రీడ్ రిక్వెస్టులు ఒక ప్రత్యేక వరుసలో వస్తే, లోపల అసర్ట్ (ప్రోగ్రామ్ తనను తాను సరిచూసుకునే షరతు) తప్పి డీమన్, అంటే వెనక నడిచే ఆ ప్రాసెస్, మొత్తం కూలుతుంది. ప్యాకేజీ అప్‌గ్రేడ్ చేయండి.

ప్యాకెట్_పిపాసి:
దీన్ని సేవా నిరాకరణ దాడి అనడం అతిశయోక్తి. దాడి అంటే ట్రాఫిక్ వరదలా వచ్చి పడాలి. ఇది ఉత్త బగ్.

నిప్పుగోడ:
వరద ఎందుకు? లాగిన్ కూడా అక్కర్లేకుండా నాలుగు ప్యాకెట్లతో సర్వర్‌ను పడుకోబెట్టగలిగితే అంతకన్నా చవకైన దాడి ఏముంది?

ప్యాకెట్_పిపాసి:
లోపలి నెట్‌వర్క్‌లో ఎవరు చేస్తారండీ?

నిప్పుగోడ:
లోపలివాళ్లే. లేదా వైరస్ సోకిన ఒక్క మెషీన్ చాలు. టీఎఫ్‌టీపీ నడిచేది యూడీపీ మీద, అందులో ముందుగా కనెక్షన్ కుదుర్చుకోవడం ఉండదు, పంపినవాడి చిరునామా నకిలీ చేయడం ఎంతసేపు? వచ్చిన ప్రతి రిక్వెస్టుకూ హద్దు లేకుండా కొత్త సెషన్ తెరిచే బూట్ సర్వర్ అయితే మెమరీ నిండి మెషీన్ మొత్తం మొరాయిస్తుంది. అందుకే హెచ్‌టీటీపీ...

పోర్ట్_69:
ఆ చర్చ వేరే చోట పెట్టుకోండి. అడ్మిన్ గారూ, అప్‌గ్రేడ్‌కు వీలు కాకపోతే ప్రస్తుతానికి నో-మల్టీకాస్ట్ ఆప్షన్‌తో నడపండి. టీఎఫ్‌టీపీ రిక్వెస్టులు వచ్చే పోర్ట్ 69 మీద టీసీపీడంప్ (ప్యాకెట్లను పట్టి చూపే టూల్) పెట్టి, పడిపోయే ముందు ఏ చిరునామా నుంచి రిక్వెస్టు వచ్చిందో చూడండి. ల్యాబ్ వీల్యాన్ (ల్యాబ్‌కు విడిగా కేటాయించిన నెట్‌వర్క్ భాగం) బయటి నుంచి ఆ పోర్ట్‌కు దారి మూసేయండి.

కొత్త_అడ్మిన్:
మల్టీకాస్ట్ ఆపాను, ఇంతవరకు పడలేదు. డంప్‌లో ఒకే చిరునామా కనిపిస్తోంది, మా ల్యాబ్‌ది కాదు. సెక్యూరిటీ వాళ్లు లోపాలు వెతకడానికి నడిపే స్కానర్ అనుకుంటాను. థాంక్స్.

పోర్ట్_69:
అనుకోవద్దు, అడిగి తెలుసుకోండి. అప్‌గ్రేడ్ అయిందా?

ప్యాకెట్_పిపాసి:
స్కానర్ అయితే మరి దాడి కాదుగా. నేను ముందే చెప్పాను.