టూరిస్టుల మీదే నడిచే రెస్టారెంట్లు: కరోనాలో ఎలా నెట్టుకొచ్చారు?

తీరం_వంటిల్లు
ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారి అన్నది 2020 మార్చి 11న. మాకు దెబ్బ అంతకుముందే తగిలింది. మొదట గ్రూప్ బుకింగులు పోయాయి, తర్వాత విమానాలు ఆగాయి, ఆఖరికి లాక్‌డౌన్. మాది బీచ్ పక్కన రెస్టారెంట్. సీజన్‌లో వచ్చిందే ఏడాదంతా సర్దుకోవాలి. ఆ సీజన్ కోసం సరుకు, అదనపు మనుషులు అన్నీ ముందే సిద్ధం చేసి ఉన్నాం. మీ అనుభవాలు రాయండి, మళ్లీ ఇలాంటిది వస్తే పనికొస్తాయి.

లెక్కల_పుస్తకం
అందరూ ఇచ్చిన సలహా ఒకటే, డెలివరీ పెట్టండని. ఎవరికి పెట్టాలండీ? మా చుట్టూ ఉన్నవన్నీ లాడ్జీలూ, షాపులే. కాపురాలు ఉండే ఇళ్లు తక్కువ. దూరం పంపుదామంటే యాప్ కమిషన్ కొన్నిచోట్ల బిల్లులో 30 శాతం దాకా ఉంటుంది. పైగా మా మెనూ, రేట్లు ఒక్కసారి వచ్చి పోయేవాళ్లను చూసుకుని పెట్టినవి. టూరిస్టు స్పాట్ కదా అని ఎక్కువ అద్దెకు ఒప్పుకున్నాం. మనుషులు రావడం ఆగాక ఆ అద్దే మెడకు చుట్టుకుంది.

కొండదారి
అద్దె గురించి ఒక మాట. మా ఓనర్‌తో కూర్చుని, కొన్నాళ్లు అమ్మకాల్లో శాతం ఇస్తామని కాగితం రాసుకున్నాం. ఖాళీగా పెట్టుకోవడం కంటే అదే నయమని ఆయన ఒప్పుకున్నారు. ముందుగా అడగాలి, బాకీ పేరుకున్నాక అడిగితే ఎవరూ వినరు.

గరిటె_పట్టినవాణ్ణి
ఓనర్లు రాశారు, వంటవాడిగా నేను చెప్తాను. మాకు జీతం కంటే టిప్పులు, ఓవర్‌టైమే ఆసరా. ఉండే గది కూడా రెస్టారెంటువాళ్లదే. మూతపడిన రోజున పనితోపాటు గదీ పోయింది. చాలామంది సొంతూరు వెళ్లి వేరే పనుల్లో కుదిరిపోయారు. తెరిచాక పిలిస్తే రాలేదు, రారు కూడా. చేయి తిరిగిన మనిషిని మళ్లీ తయారుచేయడానికి ఏళ్లు పడుతుంది. నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద నష్టం అదే. సగం జీతమైనా ఇచ్చి, గది ఖాళీ చేయించని చోట పాతవాళ్లు నిలబడ్డారు.

లెక్కల_పుస్తకం
నిజమండీ. తెరిచాక కూడా దూరం పాటించాలని టేబుళ్లు తగ్గించారు. ఖర్చు మాత్రం తగ్గలేదు.

పాలసీ_చదివేవాడు
బీమా చూసుకోండి. వ్యాపారం ఆగితే పరిహారం ఇచ్చే పాలసీలు చాలావరకు అగ్నిప్రమాదం, వరద లాంటివాటితో ఆస్తి దెబ్బతింటేనే వర్తిస్తాయి. అంటువ్యాధి క్లాజు ఉందో లేదో చూడాలి. బ్రిటన్‌లో అలాంటి క్లాజుల మీద గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2021 జనవరిలో తీర్పు చాలావరకు పాలసీదారుల వైపే వచ్చింది.

తీరం_వంటిల్లు
అందరికీ థాంక్స్. ప్రపంచవ్యాప్తంగా విదేశీ పర్యాటకుల రాకలు 2019లో సుమారు 146 కోట్లు ఉంటే, 2020లో 40 కోట్లకు పడిపోయాయి. దాదాపు పాత స్థాయికి రావడానికి 2024 దాకా పట్టింది. అంటే తెరవగానే కోలుకుంటామన్న లెక్కతో అప్పు చేయకూడదు. కొండదారి గారూ, ఆ అద్దె కాగితంలో కనీస మొత్తం ఏమైనా పెట్టారా?

కొండదారి
పెట్టామండీ, కరెంటు, పన్నులకు సరిపడా. గడువు కూడా రాసుకోండి, లేకపోతే తర్వాత పేచీ వస్తుంది.