శైలేంద్రని ముంచింది నిజంగా తీస్రీ కసమేనా?

పాతపాటలపిచ్చి:
హిందీ సినిమా కవుల గురించి ఎక్కడ మాట మొదలైనా సాహిర్ ముందొస్తాడు, తర్వాత మజ్రూహ్, గుల్జార్ ఎలాగూ ఉంటాడు. శైలేంద్ర దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరిదీ ఒకటే కథ, "పాపం, సినిమా తీసి అప్పులపాలై పోయాడు" అని. అన్ని పాటలు రాసిన మనిషి గురించి చెప్పుకోడానికి మిగిలింది ఇదేనా అని చిరాకేస్తోంది. రైల్వేలో పనిచేసేవాడట కదా, అక్కణ్ణుంచి రాజ్ కపూర్ దగ్గరికి ఎలా చేరాడు? ఆ సినిమా, అదే "తీస్రీ కసమ్", వల్లే పోయాడన్నది ఎంతవరకు నిజం? కాస్త వివరంగా చెప్పండి, పాటల లిస్టులు మాత్రం వద్దు, అవి నా దగ్గరే ఉన్నాయి.

లోకోషెడ్:
రైల్వే సంగతి నిజమేనండి. పుట్టింది 1923లో రావల్పిండిలో, సొంతవాళ్ళది బీహార్, పెరిగింది మథురలో. ఉద్యోగం బొంబాయిలో, మాటుంగా రైల్వే వర్క్‌షాపులో. పని అయ్యాక ఇప్టా (వామపక్ష కళాకారుల సంఘం) సభలు, కార్మికుల మీటింగులు. దేశ విభజన అల్లర్ల మీద రాసిన "జల్తా హై పంజాబ్" అనే కవిత చదువుతుంటే రాజ్ కపూర్ విన్నాడు. అప్పుడు ఆయన "ఆగ్" తీస్తున్నాడు, కవిత నాకిచ్చేయండి, డబ్బిస్తానన్నాడు. ఈయన ససేమిరా అన్నాడు, నా కవిత్వం అమ్మనని మొహం మీదే చెప్పాడు. కొన్నాళ్ళకి భార్య గర్భవతి, చేతిలో పైసా లేదు, తనే వెతుక్కుంటూ రాజ్ కపూర్ దగ్గరికి వెళ్ళాడు. 500 రూపాయలకి "బర్సాత్"లో రెండు పాటలు, అందులో ఒకటి టైటిల్ పాట. 1949లో సినిమా ఆడిన తీరుకి మళ్ళీ వర్క్‌షాపు మొహం చూడాల్సిన పని లేకపోయింది.

కాదన్నవాణ్ణి గుర్తుపెట్టుకుని, తిరిగొస్తే ఒక్క ఎత్తిపొడుపు మాట లేకుండా పనిచ్చిన రాజ్ కపూర్‌ని కూడా మెచ్చుకోవాలి.

దశదిశలు:
శైలేంద్రని తేలిక మాటల కవి అని పక్కన పెట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఉత్తరాదిన ఇప్పటికీ ఏ సమ్మె జరిగినా వినిపించే "హర్ జోర్ జుల్మ్ కీ టక్కర్ మే" నినాదం ఈయనదే. ఫ్యాక్టరీ గేటు బయట నిలబడ్డ వెయ్యి మంది ఒక్కసారి విని తిరిగి అరవగలిగేలా రాయడం అక్కడ వంటబట్టిన విద్య, దాన్నే ట్యూన్‌లోకి తెచ్చాడు. సంగీత దర్శకుల జంట శంకర్–జైకిషన్ దగ్గర చాలాసార్లు ముందు ట్యూన్ వచ్చేది, ఆ కొలతలో మాట ఇరికినట్టు కనపడకుండా కూర్చోవాలి. ప్రయత్నించి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది.

అలాగని జనం పేరు చెప్పి దిగజారలేదు. "శ్రీ 420"లో గొడుగు కింద డ్యూయెట్ ఉంది కదా, అందులో రాత్రులు పది దిక్కులకీ తమ కథ చెబుతాయని రాస్తే జైకిషన్ అడ్డుపడ్డాడట, జనానికి నాలుగు దిక్కులే తెలుసు, పది అంటే ఎవరికి ఎక్కుతుందని. ఈయన మార్చలేదు. ప్రేక్షకుల అభిరుచిని సాకుగా చూపించి పల్చటి సరుకు వాళ్ళ నెత్తిన రుద్దకూడదన్నది ఆయన వాదన. లైను అలాగే ఉండిపోయింది, జనానికి ఎక్కింది కూడా. అన్నట్టు అదే సినిమాలో "రామయ్యా వస్తావయ్యా" మన తెలుగులో ఉండటానికి కారణం శంకర్, ఆయన పెరిగింది హైదరాబాద్‌లో.

రాజ్ కపూర్ కవి అనే ముద్ర కూడా అన్యాయం. సంగీత దర్శకుల్లో సలీల్ చౌధురితో "దో బీఘా జమీన్", "మధుమతి", బర్మన్ దాదాతో (ఎస్.డి. బర్మన్) "గైడ్" చేసింది ఈయన కాదా? ఒక్క "గైడ్" చాలు నాకు.

నైట్‌షిఫ్ట్_రేడియో:
అసలు ప్రశ్న అలాగే ఉండిపోయింది, తీస్రీ కసమ్. ఫణీశ్వరనాథ్ రేణు రాసిన "మారే గయే గుల్ఫామ్" కథ చదివి మనసు పడ్డాడు, నిర్మాత అయ్యాడు. దర్శకుడు బాసు భట్టాచార్య, కెమెరా సత్యజిత్ రాయ్ దగ్గర పనిచేసిన సుబ్రతో మిత్ర. ఎడ్లబండి తోలే హీరామన్‌గా రాజ్ కపూర్, నౌటంకీ (ఉత్తరాది జానపద నాటకం) డాన్సర్‌గా వహీదా రెహమాన్. రాజ్ కపూర్ మొత్తం పారితోషికం అడ్వాన్సుగా కావాలని సీరియస్‌గా అడిగి, ఈయన మొహం వాడిపోయాక "ఒక్క రూపాయి" అన్నాడని చెబుతారు. అక్కడిదాకా బాగుంది. షూటింగ్ ఏళ్ళ తరబడి సాగింది, వడ్డీలు పెరిగాయి, చివర్లో ఇద్దర్నీ కలిపేస్తే సినిమా అమ్ముడుపోతుందని ఒత్తిడి చేస్తే ఈయన వినలేదు. హీరామన్ ఖాళీ బండి తోలుకుని వెళ్ళిపోవాల్సిందే అన్నాడు.

1966లో విడుదలైంది, ఆడలేదు. డిసెంబర్ 14న పోయాడు, 43 ఏళ్ళకి. అది రాజ్ కపూర్ పుట్టినరోజు కూడా. ఆ తర్వాత ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది.

దీన్నంతా కలిపి "సినిమా చంపేసింది" అనడం నాకు నచ్చదు. అప్పులు, తాగుడు, నమ్మినవాళ్ళు మొహం చాటేయడం, అన్నీ ఉన్నాయి. కానీ అదే కాలంలో "సంగం", "గైడ్" పాటలు కూడా రాశాడుగా! చితికిపోయి మూల కూర్చున్న మనిషి రాసే పాటలు కావవి. మూడో ఫిల్మ్‌ఫేర్ అయితే పోయాక వచ్చింది, "బ్రహ్మచారి"లో జోలపాటకి.

పల్లవి_చరణం:
ఒక చిన్న సవరణ, ఎందుకంటే ఇది ప్రతిచోటా తప్పుగా తిరుగుతోంది. తీస్రీ కసమ్‌లో "దునియా బనానేవాలే" హస్రత్ జైపురిది, శైలేంద్రది కాదు. "సజన్ రే ఝూఠ్ మత్ బోలో" ఈయనది.

పాతపాటలపిచ్చి:
థాంక్సండి అందరికీ. హస్రత్ సంగతి నాకూ తెలీదు. ఇంకొకటి, "బందినీ"లో "మోరా గోరా అంగ్" కూడా ఈయనదేనా? మిగతావన్నీ ఈయనవే కదా అందులో.

లోకోషెడ్:
కాదు, అది గుల్జార్ మొదటి పాట. బర్మన్ దాదాకీ శైలేంద్రకీ అప్పుడు మాటల్లేవు, ఆ గ్యాప్‌లో సినిమా దర్శకుడు బిమల్ రాయ్‌కి ఒక కవి కావాలి. గుల్జార్‌ని వెళ్ళమని తోసింది శైలేంద్రే. సినిమాలు నాకెందుకని గుల్జార్ నసిగితే తిట్టి మరీ పంపాడట. తర్వాత బర్మన్‌తో రాజీ అయి, మిగతా పాటలు తనే రాశాడు.