బీఏఎస్‌ఎల్‌పీ (వినికిడి, మాట సమస్యల చికిత్స డిగ్రీ) చదివినవారు చెప్పండి: మా అమ్మాయిని చేర్చవచ్చా?

వనస్థలిపురం అమ్మ
మా అమ్మాయి ఈ ఏడాది బైపీసీ పూర్తి చేసింది. ఎంబీబీఎస్‌కు సరిపడా ర్యాంకు రాలేదు. మళ్లీ ఏడాది కోచింగ్ అంటే తనే వద్దంది. మా అక్కయ్య మనవడికి మూడేళ్లు నిండినా మాటలు రాలేదు. వాడిని థెరపీకి తీసుకువెళ్తుంటే నాలుగైదు సార్లు వెంట వెళ్లింది. అప్పటి నుంచి ఈ కోర్సే చదువుతానంటోంది. మా వారు "చెవి మిషన్లు అమ్మడానికి డిగ్రీ ఎందుకు?" అంటున్నారు. నాకు జవాబు తెలియలేదు. హైదరాబాద్‌లో చదివినవారు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

మూడో ఏడాది విద్యార్థిని
నమస్తే ఆంటీ. నేను సికింద్రాబాద్‌లో చదువుతున్నాను. కోర్సు నాలుగేళ్లు: ఆరు సెమిస్టర్ల చదువు, ఆపైన ఇంటర్న్‌షిప్. బైపీసీ వాళ్లే చేరాలని లేదు, మా తరగతిలో ఎంపీసీ వాళ్లూ ఉన్నారు. చెవి, స్వరపేటిక నిర్మాణం బైపీసీ చదివిన మాకు తేలిక. ధ్వనిశాస్త్రం దగ్గర మాత్రం వాళ్లే మాకు చెప్పాలి. భాషాశాస్త్రం కూడా ఉంటుంది. 'ణ' పలికేటప్పుడు నాలుక ఎక్కడ తగులుతుందో అద్దం ముందు కూర్చుని చూసుకున్న రోజులున్నాయి.

పోయిన నెల నాలుగేళ్ల బాబుకు వినికిడి పరీక్ష చేశాను. శబ్దం చొరబడని గది, చెవులకు హెడ్‌ఫోన్లు, చేతిలో చెక్క ముక్క. శబ్దం వినబడగానే ముక్కను డబ్బాలో వేయాలి, అదే ఆట. ముక్కను చెంపకు ఆనించుకుని ఎదురుచూశాడు. 60 డెసిబెల్స్ దగ్గర టక్కున వేశాడు. 50కి తగ్గించాను. ముక్క చెంప దగ్గరే ఉండిపోయింది. ఇంకా మొదలుపెట్టలేదా అన్నట్టు నా వైపే చూస్తున్నాడు. ఆడియోగ్రామ్‌లో, అంటే వినికిడి పరీక్ష ఫలితం గీసే పటంలో, కుడి చెవికి ఎర్ర సున్నా, ఎడమ చెవికి నీలం ఇంటూ గుర్తు పెడతాం. గుర్తు ఎంత కిందికి ఉంటే వినికిడి అంత తక్కువ. ఆ ఎర్ర సున్నాలు ఒక్కొక్కటే కిందికి దిగుతుంటే నా చేయి వణికింది. బయట వాళ్ల అమ్మ కూర్చుని ఉంది.

పదకొండేళ్లుగా ఇదే వృత్తి
అమ్మా, మీ వారికి ఈ మాట చెప్పండి. వినికిడి యంత్రం అమర్చడం ఈ చదువులో ఒక పాలు మాత్రమే. నత్తి, గొంతు బొంగురుపోయిన ఉపాధ్యాయులు, గ్రహణమొర్రి ఆపరేషన్ అయిన పిల్లలు, పక్షవాతం తర్వాత మింగలేనివారు, మాట పోయినవారు, అందరూ మా దగ్గరికే వస్తారు.

నా దగ్గరికి ఒక పెద్దాయన వచ్చేవారు. ఎడమ మెదడుకు రక్తప్రసరణ ఆగి మాట పడిపోయింది. ఎదురుగా ఉన్న భార్య పేరు అడిగితే పెదవులు కదిపేవారు, మాట వచ్చేది కాదు. నేను "ఆదివారం, సోమవారం" అని అందిస్తే "మంగళవారం, బుధవారం" అంటూ శనివారం దాకా గడగడా చెప్పేశారు. ఆమె ఒక్కసారిగా ఏడ్చేశారు. అలవాటుగా వరుసలో వచ్చే మాటలు చాలామందిలో అలా మిగిలి ఉంటాయి. అక్కడి నుంచి కావాలనుకున్న మాట దాకా తీసుకురావడానికి మాకు నెలలు పట్టింది.

తొలి జీతం తక్కువే, దాచను. ఆసుపత్రుల్లో, ప్రత్యేక పాఠశాలల్లో, వినికిడి యంత్రాల సంస్థల్లో ఉద్యోగాలుంటాయి. పీజీలో ఆడియాలజీ (వినికిడి), స్పీచ్ (మాట) వేరువేరు దారులు. 1965లో మొదలైన మైసూరు జాతీయ వాక్ శ్రవణ సంస్థలో సీటు కోసం మా బ్యాచ్‌లో సగం మంది పరీక్ష రాశాం. ఇక్కడైతే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో, మాట, వినికిడి లోపాలకు సంబంధించిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, ముందు అక్కడ విచారించండి.

పాత విద్యార్థి
నేను పడ్డ ఇబ్బంది ఇంకెవరూ పడకూడదని రాస్తున్నాను. నేను చేరిన కళాశాల పేరు చెప్పను. చేరేటప్పుడు "అనుమతి వచ్చేస్తోంది" అన్నారు, నమ్మాం. ఆ ఏడాది రాలేదు. ఏడాది పోయింది, కట్టిన ఫీజులో సగమే తిరిగి వచ్చింది. ఈ వృత్తి చేయాలంటే 1992 చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలిలో నమోదు కావాలి. అందుకే మీరు చేర్చే సంవత్సరానికి ఆ కోర్సుకు అనుమతి ఉందా అని మండలి వెబ్‌సైట్‌లో స్వయంగా చూడండి. కళాశాల గోడ మీద కట్టిన పాత పత్రం చూసి ఊరుకోకండి. కళాశాల క్లినిక్‌కు రోజుకు ఎంతమంది రోగులు వస్తారో కూడా అడగండి. ఉదయం పూట వరండాలో ఒక గంట కూర్చుంటే మీకే తెలుస్తుంది.

మెహదీపట్నం నాన్న
నేను చదవలేదు, మా పాపకు కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి చెవి లోపల అమర్చే వినికిడి పరికరం) చేయించాం. మా అమ్మ పాపకు ఏడాదిన్నర దాకా వస అరగదీసి నాకించేది, వసపిట్టలా మాట్లాడుతుందని. వినికిడి పరీక్ష చేయించాలని మొదట గట్టిగా చెప్పింది ఇంటర్న్‌షిప్‌లో ఉన్న ఒక అమ్మాయి. ఆపరేషన్ తర్వాత రోజూ పొద్దున ఆరు శబ్దాలు వినిపించమని నేర్పింది: ఆ, ఊ, ఈ, ష్, స్, మ్. పెదవులు కనబడకుండా చేయి అడ్డం పెట్టుకోవాలి. 'స్' మొదటిసారి తిరిగి పలకడానికి పాపకు ఐదు నెలలు పట్టింది. అన్నాళ్లూ ఆ అమ్మాయి ఒక్కరోజు కూడా విసుక్కోలేదు. మీ అమ్మాయికి అంత ఓపిక ఉంటే తప్పకుండా చదివించండి.

వనస్థలిపురం అమ్మ
అందరికీ కృతజ్ఞతలు. మా వారు అంతా చదివారు. పెద్దాయన సంగతి రెండుసార్లు చదివి, సోమవారం మనోవికాస్ నగర్ వెళ్దామన్నారు. అమ్మాయి ఒక్కటే అడగమంది: తనకు తెలుగు, ఇంగ్లీషు తప్ప రావు. ఉర్దూ రాకపోతే కష్టమా?

మూడో ఏడాది విద్యార్థిని
నాకూ వచ్చేది కాదు ఆంటీ. పాతబస్తీ నుంచి వచ్చేవాళ్లే నేర్పారు. "ఆవాజ్ ఆయే తో హాత్ ఉఠానా" (శబ్దం వినబడితే చేయి ఎత్తండి) అని చెప్పడం వస్తే మొదటి రోజు గడిచిపోతుంది. తర్వాత "ధీమీ ఆవాజ్ పర్ భీ" (చిన్న శబ్దానికి కూడా) అని కలపమనండి, లేకపోతే చిన్న శబ్దానికి చేయి ఎత్తరు.