గుర్తు లేని రంగు వైన్ గ్లాసులకు "మోజర్, 1890" అని పేరు పెట్టేయొచ్చా?

పాతసామాను
మొన్న శనివారం అమెరికాలోని కొలంబస్‌లో ఒక ఎస్టేట్ సేల్‌లో (ఒక ఇంటి సామానంతా అమ్మేసే చోట) ఆరు వైన్ గ్లాసులు దొరికాయి. ఒక్కోటీ ఒక్కో రంగు: ఎరుపు, ముదురు నీలం, ఆకుపచ్చ, వంగపండు, తేనె, నెమలికంఠం. అన్నీ కలిపి 40 డాలర్లు. పొడుగు కాడ, కాడా అడుగూ రంగులేని గాజు, గిన్నె మాత్రమే రంగు. దాని మీద ద్రాక్షగుత్తులు, ఆకులు చెక్కారు. చెక్కిన చోటల్లా రంగు పొర పోయి లోపలి తెల్లగాజు మెరుస్తోంది. పక్కన అట్టముక్క మీద "మోజర్, 1890" అని పెన్నుతో రాసి పెట్టారు. మోజర్ అంటే బొహీమియాలో (ఇప్పటి చెక్ దేశం) పేరున్న గాజు కంపెనీ. గ్లాసుల మీద మాత్రం ఏ గుర్తూ లేదు. మా ఆవిడకి మోజరే అని గొప్పగా చెప్పేశాను. ఇప్పుడు కొంచెం టెన్షన్‌గా ఉంది.

గోదారిగట్టు
కంగారెందుకు బ్రో, గుర్తు లేకపోవడమే మంచిది. 1890లో వచ్చిన మెకిన్లీ టారిఫ్ చట్టంతో, ఆ మరుసటి ఏడాది నుంచి అమెరికాలో దిగే విదేశీ సరుకు మీద దేశం పేరు ఉండి తీరాలన్నారు. పేరు లేదంటే అంతకుముందుదే. అట్టముక్క కరెక్టే.

సీసాలక్క
తమ్ముడూ, ఈ లెక్క చాలామంది కొంప ముంచింది. దేశం పేరు గాజు మీద చెక్కక్కర్లేదు, కాగితం లేబుల్ అంటించినా సరిపోయేది. మొదటిసారి సబ్బునీళ్ళలో ముంచగానే ఆ కాగితం సింకులోకి పోతుంది. బకరా లాంటి పెద్ద ఫ్రెంచి కంపెనీయే ప్రతి గ్లాసు మీదా యాసిడ్ ముద్ర వేయడం మొదలెట్టింది 1936లో. గుర్తు లేదంటే పాతదని కాదు, గుర్తు లేదని మాత్రమే.

పొడుగు కాడ, రంగు గిన్నె ఉంటే అది హాక్ గ్లాసు. రైన్ ప్రాంతపు తెల్లవైన్ కోసం చేసింది. రైన్‌కి దగ్గర్లోని హోఖ్‌హైమ్ అనే ఊరి పేరే అలా కుదించుకుపోయింది. ద్రాక్షగుత్తులతో, రంగుకొకటి చొప్పున ఉండే సెట్టు అనగానే నాకు బవేరియాలోని నాఖ్ట్‌మన్ వాళ్ళ "ట్రౌబే" డిజైన్ గుర్తొస్తుంది. ట్రౌబే అంటే జర్మన్‌లో ద్రాక్షే. నా ఓటు దానికి. అదే అయితే 1890 మాట మర్చిపోండి, రెండో ప్రపంచయుద్ధం తర్వాతి సరుకు.

తూనికరాయి
ఓట్లెందుకు అక్కా, వంటింటి తూకం ఉందిగా. మోజర్ 1857లో కార్లోవీవారీలో గాజు చెక్కే దుకాణంగా మొదలైంది, సొంత గాజు ఫ్యాక్టరీ 1893లో పెట్టింది. సీసం కలపకపోవడం వాళ్ళ గాజు ప్రత్యేకత. కాబట్టి సీసం ఉందో లేదో తేలితే సగం గొడవ తీరినట్టే.

గ్లాసుని తూచి బరువు రాసుకోండి. తర్వాత తూకం మీద నీళ్ళగిన్నె పెట్టి సున్నా చేయండి. గ్లాసు కాడకి దారం కట్టి నీళ్ళలో పూర్తిగా ముంచండి. అడుగుకీ అంచుకీ తగలకూడదు, లోపల గాలిబుడగ మిగలకూడదు. అప్పుడు కనిపించే అంకెతో మొదటి బరువుని భాగించండి. మామూలు గాజుకి 2.5 దగ్గర వస్తుంది. యూరప్‌లో 1969లో పెట్టిన నిబంధనల ప్రకారం 24% లెడ్ ఆక్సైడ్ (సీసం) ఉన్న లెడ్ క్రిస్టల్‌కి కనీసం 2.90, 30% దానికి 3.00 ఉండాలి.

పాతసామాను
చేశానన్నా. కూరలు తూచే డిజిటల్ తూకమే. నీలం గ్లాసు 262 గ్రాములు. ముంచితే మొదట 94 చూపించింది. తీరా చూస్తే గిన్నెలో బుడగ ఇరుక్కుంది. వంచి బుడగ వదిలిస్తే 89. అంటే 2.94.

తూనికరాయి
అయితే మోజర్ కాదు. సీసం లేని గాజైతే 105 దగ్గర చూపించాలి. మీ తూకం ఎంత అబద్ధమాడినా 16 గ్రాములు మింగదు.

కానీ ఇక్కడే ఆగండి. మీ తూకం గ్రాము అటూ ఇటూ అయితే 2.91 కావచ్చు, 2.98 కావచ్చు. రెండు గ్రాములు తేడా వస్తే 3.01, అంటే 30% తరగతిలోకే పోతుంది. ఈ అంకెతో ఎవరు కాదో చెప్పగలం గానీ ఎవరో చెప్పలేం. నాఖ్ట్‌మన్ అనీ రాయకండి.

సీసాలక్క
ఇదే నాకు నచ్చదు. అన్నీ కాదు కాదు అంటూ పోతే చివరికి చేతిలో ఏం మిగులుతుంది? గుర్తు లేని గాజుకి పేరొచ్చేది పాత కేటలాగ్ బొమ్మ పక్కన పెట్టి పోల్చడం వల్లే. కాడకి ఎన్ని పలకలు, అడుగున నక్షత్రం చెక్కారా, ఆకు ఈనెలు ఎటు వాలాయి, ఇవి చూడాలి. ద్రాక్షగుత్తి బొహీమియాలోనూ చెక్కారు, హంగరీలోనూ చెక్కారు, ఒప్పుకుంటా. అయినా చెక్కే చెయ్యి తెలిసిపోతుంది. "పోలిక ఉంది" అని రాస్తే తప్పేంటి?

తూనికరాయి
మీరు "పోలిక ఉంది" అని రాస్తారక్కా. మీ తర్వాత అమ్మేవాడు "పోలిక" అన్న ముక్క కొట్టేస్తాడు. ఈ "మోజర్" కూడా అలాగే పుట్టి ఉంటుంది.

గోదారిగట్టు
సరే, 1891 విషయంలో నేను బోల్తా పడ్డా. అడుగు అరుగుదల చూసి వయసు చెప్పలేమా?

సీసాలక్క
కొంతవరకు చెప్పొచ్చు. అడుగు బల్లకి తగిలే వలయం మీదే సన్నగీతలు ఉండాలి, అవీ చిందరవందరగా. అన్నీ ఒకే వైపు ఉంటే ఎవరో గరుకు కాగితంతో రుద్దినట్టు. కానీ అద్దాల బీరువాలో కూర్చున్న గ్లాసుకి వందేళ్ళయినా గీత పడదు. చెక్కిన గాడులు కూడా చూడండి. యాసిడ్‌లో ముంచి మెరుపు తెచ్చినవి తడిసినట్టు నున్నగా, అంచులు మెత్తగా ఉంటాయి. ఆ పద్ధతి 20వ శతాబ్దంలో బాగా పాకింది.

పాతసామాను
భూతద్దం పెట్టి చూశా. గాడులు తడిసినట్టే ఉన్నాయి, అంచు వేలికి గుచ్చుకోవడం లేదు. అడుగున గీతలు దాదాపు లేవు. నెమలికంఠం గ్లాసు అడుగున మాత్రం గోరంత గుండ్రటి జిగురు మరక ఉంది, లేబుల్ ఉండేదేమో. అక్షరం ఒక్కటీ మిగల్లేదు.

అట్టముక్క చింపేశా. డబ్బాలో కొత్త చీటీ పెట్టా: "హాక్ గ్లాసులు ఆరు, లెడ్ క్రిస్టల్, మోజర్ కాదు, 20వ శతాబ్దం కావచ్చు. ద్రాక్ష డిజైన్ నాఖ్ట్‌మన్ ట్రౌబేతో పోల్చి చూడాలి." చివరి వాక్యం అక్క కోసం, "చూడాలి" అన్న మాట అన్న కోసం.

మా ఆవిడ చదివి, మోజర్ కాకపోతే బీరువాలో దాచడం ఎందుకంది. రేపు చుట్టాలొస్తున్నారు, వాటిలో ద్రాక్షరసం పోస్తుందట.

తూనికరాయి
పోయండి, పర్లేదు. తాగేశాక మాత్రం రసం రాత్రంతా అందులో ఉంచకండి, సీసం మెల్లగా దిగుతుంది. డిష్‌వాషర్‌లో అసలు పెట్టొద్దు.